మేలు చేసినవాడి తప్పు ఎవరు చెప్పాలి?

ఆశ్రమ పాఠశాలల్లో చదువు చెప్పే మాలో కొందరం ఈ మధ్య ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఒక పని పెట్టాం. అమెరికా అధ్యక్షుడిగా చేసిన రిచర్డ్ నిక్సన్ గురించి మాకు తెలిసినదంతా చెప్పాం. ఆయన పేరున ఒక ప్రదర్శన పెడితే గోడ మీద ఏం రాస్తారో నాలుగైదు వాక్యాల్లో రాయమన్నాం. అడవిలో ఉన్న మన పిల్లలకు నిక్సన్‌తో పనేంటని తోటి టీచర్లు నవ్వారు. పని ఉంది. చెబుతాం.

ఇంకా రాయడం మొదలుపెట్టకముందే ఒక పిల్లవాడు లేచి అడిగాడు: "సార్, ఆయన మనోళ్లకు భూమి తిరిగి ఇచ్చాడన్నారు కదా. మరి ఆయన తప్పులు మనమెందుకు రాయాలి?"

ఎక్కడో న్యూ మెక్సికో కొండల్లో ఉండే టావోస్ జనాన్ని వాడు "మనోళ్లు" అన్నాడు. మేమెవరం సరిదిద్దలేదు. కానీ వాడి ప్రశ్నకు ఆ రోజు తరగతిలో సరైన జవాబు చెప్పలేకపోయాం. ఆ జవాబు వెతుక్కునే ప్రయత్నమే ఈ వ్యాసం.

ముందు ఆ లైబ్రరీల సంగతి. లైబ్రరీ అనగానే మనకు గుర్తొచ్చేది ఒక బీరువా, దానికో తాళం, ఆ తాళంచెవి హెడ్‌మాస్టర్ దగ్గర ఉండటం. అమెరికాలో అధ్యక్షుల లైబ్రరీ అంటే అది కాదు. పదవిలో ఉన్నప్పుడు ఆయన రాసిన ఉత్తరాలు, పెట్టిన సంతకాలు, ఆఫీసు ఫైళ్లు, ఫొటోలు, టేపులు అన్నీ దాచే చోటు. పక్కనే ఒక మ్యూజియం. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ తన సొంత ఊరు హైడ్ పార్క్‌లో 1941లో మొదటిది తెరిచాడు. తర్వాత 1955లో చట్టం వచ్చింది. అధ్యక్షుడి స్నేహితులు, అభిమానులు చందాలు పోగుచేసి భవనం కట్టిస్తారు. కట్టాక దాన్ని ప్రభుత్వ పత్రాల శాఖకు, అంటే నేషనల్ ఆర్కైవ్స్‌కు అప్పగిస్తారు. ఆ ఫైళ్లు ఎవరి సొత్తు అన్న విషయంలో మాత్రం చాలాకాలం పాత పద్ధతే నడిచింది, అధ్యక్షుడు వాటిని తన సొంత ఆస్తిగా ఇంటికి పట్టుకెళ్లేవాడు. అవి ప్రజల ఆస్తి అని 1978లో చట్టం చేశారు. అది రీగన్ కాలం నుంచి అమలైంది.

ఈ లైబ్రరీల్లో జరిగే కార్యక్రమాలు టీచర్లకు ఆసక్తిగా ఉంటాయి. ట్రూమన్ లైబ్రరీలో బడి పిల్లలను ఒక గదిలో కూర్చోబెడతారు. ఒకరు అధ్యక్షుడు, మిగిలినవాళ్లు సలహాదారులు. ఒకప్పుడు రహస్యంగా ఉన్న కాగితాలు చేతికిచ్చి, ఇప్పుడు మీరే నిర్ణయం తీసుకోండి అంటారు. టెక్సస్‌లోని జాన్సన్ లైబ్రరీలో టెలిఫోన్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంటే జాన్సన్ పదవిలో ఉండగా ఎవరితో ఏం మాట్లాడాడో ఆయన గొంతుతోనే వినొచ్చు. 1971లో ఆ లైబ్రరీ తెరిచిన రోజున జాన్సన్, ఇక్కడ మా కాలం కథ బెరడు ఒలిచేసి ఉంది, మా తప్పులను చూపే కాగితాలను కూడా దాచలేదు అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. చెట్లు తెలిసినవాళ్లకు ఆ మాట బాగా అర్థమవుతుంది. బెరడు ఒలిస్తేనే లోపల చేవ ఉందో పురుగు ఉందో తెలిసేది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. కట్టించేది స్నేహితులు. డబ్బు పెట్టినవాళ్లకు గోడ మీద రాత కూడా తమ ఇష్టప్రకారమే ఉండాలని అనిపిస్తుంది. మన రాజ్‌గోండుల దగ్గర పర్ధాన్లు, తోటివాళ్లు కిక్రి వాయిస్తూ కథలు పాడతారు. పాడినందుకు ఇంటివాళ్లు ధాన్యమో పశువో ఇస్తారు. తిండి పెట్టేది ఆ ఇల్లే అయినా పాట గోత్రం మొత్తానిది. ఇల్లు బాగా చూసుకుందని కథ మార్చేస్తే ఊరుకోరు, వినేవాళ్లలో ఆ కథ తెలిసిన ముసలివాళ్లు ఉంటారు. నిక్సన్ లైబ్రరీ విషయంలో ఈ తగాదానే ఇరవై ఏళ్లు నడిచింది.

నిక్సన్ 1913లో కాలిఫోర్నియాలోని యోర్బా లిండాలో ఒక చిన్న ఇంట్లో పుట్టాడు. ఆ ఇల్లు ఇప్పుడు లైబ్రరీ ఆవరణలోనే ఉంది. ఆయన సమాధి కూడా అక్కడే. కాలేజీలో ఆయనకు ఫుట్‌బాల్ నేర్పిన వాలెస్ న్యూమన్ ఒక ఆదివాసీ, లుయిసెనో తెగవాడు. తండ్రి తర్వాత తన మీద అంత ప్రభావం చూపిన మనిషి ఇంకొకరు లేరని నిక్సన్ చెప్పుకున్నాడు. ఆ ఆటల గురువు వల్లే అధ్యక్షుడికి ఆదివాసుల మీద మనసు కలిగిందని కొందరంటారు. కావచ్చు. ఒక టీచరు ప్రభావం ఎంత దూరం పోతుందో చెప్పడం కష్టం.

ఇక టావోస్ కథ. న్యూ మెక్సికోలో టావోస్ ప్యూబ్లో అని ఒక పాత ఆదివాసీ ఊరు ఉంది. ఆ ఊరి పైన కొండల్లో నీలి సరస్సు, బ్లూ లేక్. వాళ్ల పూజలకు, వాళ్ల పుట్టుక కథకు అదే మూలం. 1906లో థియొడర్ రూజ్‌వెల్ట్ అధ్యక్షుడిగా ఉండగా ఆ సరస్సును, చుట్టూ ఉన్న అడవిని రిజర్వు ఫారెస్టులో కలిపేశారు. ఆ మాట మనకు విడమరిచి చెప్పక్కర్లేదు. నిన్నటిదాకా మన దేవుడి చోటు, తెల్లారేసరికి ఫారెస్టోళ్ల జాగా. అడవి కాపాడటానికే అంటారు. తర్వాత అదే అడవిలోకి పశువుల మందలొస్తాయి, సరదాకి వచ్చేవాళ్లు వస్తారు, అడ్డమొచ్చేది అక్కడే పుట్టినవాడు.

టావోస్ పెద్దలు వదిలిపెట్టలేదు. అర్జీలు పెట్టారు, వాషింగ్టన్‌కు తిరిగారు. ఆ భూమిని అన్యాయంగా తీసుకున్నారని 1965లో ప్రభుత్వ క్లెయిమ్స్ కమిషనే ఒప్పుకుంది. నష్టపరిహారంగా డబ్బు తీసుకోమంది. వాళ్లు డబ్బు వద్దన్నారు, సరస్సే కావాలన్నారు. ఇది చదివినప్పుడు మాలో ఒకరు కాసేపు మాట్లాడలేకపోయారు. ప్రాజెక్టు ముంపులో పరిహారం చెక్కు తీసుకున్న కుటుంబం వాళ్లది.

1970 జూలై 8న నిక్సన్ అమెరికా పార్లమెంటుకు ఒక సందేశం పంపాడు. తెగలను బలవంతంగా రద్దు చేసే పాత విధానం తప్పు, ఆదివాసులు తమ సంగతులు తామే నిర్ణయించుకోవాలి అన్నది దాని సారాంశం. సరస్సును తిరిగి ఇవ్వాలని కూడా అందులో కోరాడు. ఆ బిల్లును అడ్డుకున్నవాళ్లలో న్యూ మెక్సికో సొంత సెనేటరు ఉన్నాడు. గెలిపించడానికి తిరిగినవాళ్లలో లాడోనా హారిస్ అనే కొమాంచీ ఆదివాసీ మహిళ ఉంది. డిసెంబర్ 2న సెనేట్‌లో 70 మంది అనుకూలంగా, 12 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. డిసెంబర్ 15న నిక్సన్ సంతకం పెట్టాడు. 48,000 ఎకరాలు వెనక్కి వచ్చాయి. టావోస్ మత పెద్ద హువాన్ డి హేసూస్ రొమేరో పండు ముసలితనంలో ఆ సంతకం చూడటానికి వాషింగ్టన్ వెళ్లాడు. అప్పటికి సరస్సు పోయి 64 ఏళ్లు.

తర్వాత 1972లో వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకమా తెగకు ఆడమ్స్ పర్వతం దగ్గర 21,000 ఎకరాలు తిరిగి వచ్చాయి. విస్కాన్సిన్‌లో మెనామినీ తెగను 1954 చట్టంతో రద్దు చేశారు. ఏడా డియర్ అనే ఆ తెగ మహిళ ముందుండి నడిపిన పోరాటంతో ఆ తెగకు మళ్లీ గుర్తింపు వచ్చింది. 1973లో ఆ చట్టం మీద సంతకం చేసింది కూడా నిక్సనే. ఇవన్నీ నిజాలు. వీటిని తక్కువ చేసి చెప్పడం మా ఉద్దేశం కాదు.

అదే మనిషి రెండో ముఖం ప్రపంచానికంతా తెలిసినదే. 1972 జూన్ 17 రాత్రి వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో ప్రతిపక్ష పార్టీ ఆఫీసులో దొంగతనంగా దూరిన ఐదుగురు దొరికారు. ఆరు రోజుల తర్వాత నిక్సన్ తన గదిలో కూర్చుని, ఆ దర్యాప్తును ఆపించే ఉపాయానికి సరే అన్నాడు. ఆ మాటలు ఆయన పెట్టించుకున్న టేపులోనే రికార్డయ్యాయి. టేపులు ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పాక 1974 ఆగస్టు 9న ఆయన పదవి వదిలేశాడు. మొత్తం టేపులు దాదాపు 3,700 గంటలు. వాటిని ఆయన చేతికి పోనివ్వకూడదని ఆ ఏడాది డిసెంబర్‌లో ప్రత్యేకంగా చట్టం చేశారు.

అందుకే 1990లో యోర్బా లిండాలో లైబ్రరీ తెరిచినప్పుడు అందులో ఆయన అధ్యక్ష పదవి కాలపు అసలు ఫైళ్లు లేవు. ఆయన ఫౌండేషనే దాన్ని నడిపింది. గోడ మీద వాటర్‌గేట్‌ను ఎన్నికల తీర్పును తిరగదోడటానికి ప్రత్యర్థులు పన్నిన పన్నాగంలా చూపించారు. ఆయన్ను పట్టించిన టేపును కత్తిరించి వినిపించారు. బెరడు ఒలవలేదు సరికదా, పైన ఇంకో పొర రంగు వేశారు.

2007లో లైబ్రరీ ప్రభుత్వ పత్రాల శాఖ కిందికి వచ్చింది. మొదటి డైరెక్టరుగా వచ్చిన టిమొతీ నఫ్తాలీ చరిత్రకారుడు. పాత వాటర్‌గేట్ ప్రదర్శనను తీసేయించాడు. నిక్సన్‌తో పనిచేసినవాళ్లను, ఆయన్ను ఎదిరించినవాళ్లను కూడా పిలిచి వాళ్ల జ్ఞాపకాలను వీడియో తీయించాడు. 2009లో నిక్సన్ మీద సాక్ష్యం చెప్పిన ఆయన పాత న్యాయ సలహాదారు జాన్ డీన్‌ను ఉపన్యాసానికి పిలిస్తే ఫౌండేషన్‌కు కోపం వచ్చింది. కొత్త ప్రదర్శనకు సుదీర్ఘమైన అభ్యంతరాలు రాసి పంపింది. చివరికి 2011 మార్చి 31న కొత్త గది తెరిచారు, అందులో టేపులు ఉన్నవి ఉన్నట్టు వినిపిస్తాయి. ఆ ఏడాదే నఫ్తాలీ వెళ్లిపోయాడు. తర్వాత మూడేళ్లకు పైగా ఆ కుర్చీలోకి పూర్తిస్థాయి డైరెక్టరు రాలేదు. నిజం చెప్పే పని ఎంత జీతానికి చేసినా తేలిక కాదు.

ఇప్పుడు మన పిల్లవాడి ప్రశ్న. టావోస్ మనిషి ఒకడు ఆ లైబ్రరీకి వెళ్లాడనుకుందాం. వాటర్‌గేట్ గదిలో వాడు ఎవరి పక్కన నిలబడాలి?

మన పెద్దల మాట మాకు తెలుసు. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యకూడదు. మేలు చేసినవాణ్ణి తిడితే రేపు ఇంకెవడూ మన గుమ్మం తొక్కడు. ఈ రెండో మాటను మేం తేలిగ్గా తీసుకోవడం లేదు. మన గూడేలకు ఎప్పుడో ఒక మంచి ఆఫీసరు వస్తాడు. పట్టాలిప్పిస్తాడు, రోడ్డు వేయిస్తాడు. ఆయన గురించి ఒక్క మాట తప్పుగా అంటే తర్వాత వచ్చేవాడు ఫైలు ముట్టుకోడేమో అని భయం. తక్కువమంది ఉన్నవాళ్లకు, ఓట్లు లేనివాళ్లకు ఆ భయం పిరికితనం కాదు, బతుకు లెక్క.

కానీ ఉప్పు సామెత ఇక్కడ అతకదు. ఉప్పు ఆ ఇంటిది. సరస్సు నిక్సన్‌ది కాదు. ఒకరి ఎద్దును తోలుకుపోయి మూడు తరాలు దున్నుకున్న ఇంటివాళ్లలో ఒకడు చివరికి దాన్ని తెచ్చి కట్టేస్తే, వాడు వాళ్లలో నయమైనవాడు. చేతులు జోడిస్తాం, అన్నం పెడతాం. ఎద్దును దానం చేశాడని మాత్రం అనం. దానం అనని చోట రుణం పుట్టదు. రుణం లేనప్పుడు మన నోరు తాకట్టులో ఉండదు.

ఇంకొకటి. తెగలను రద్దు చేసే విధానాన్ని 1953లో మొదలుపెట్టిన ప్రభుత్వంలో నిక్సన్ ఉపాధ్యక్షుడు. మెనామినీ చట్టం వచ్చింది అప్పుడే. తర్వాత దాన్ని తప్పు అన్నాడు, అది ఆయన గొప్పదనమే. కానీ ఆ మొదటి సగం గోడ మీద లేకపోతే రెండో సగం ఎందుకు గొప్పదో చూసేవాడికి తెలియదు. 1973లో వూండెడ్ నీలో ఆదివాసులు 71 రోజులు నిలబడితే చుట్టూ తుపాకులతో మోహరించింది ఆయన ప్రభుత్వమే. ఇద్దరు ఆదివాసులు చనిపోయారు. 1969 మార్చి నుంచి కంబోడియా మీద రహస్యంగా బాంబులు వేయించింది కూడా ఆయనే. ఆయన కాలంలో బాంబులు పడిన లావోస్, వియత్నాం కొండల్లో ఉండేది మనలాంటి తెగలే. మన దేశం వాళ్ల గురించి, ఇందిరాగాంధీ గురించి ఆయన అన్న నీచమైన మాటలు అవే టేపుల్లో ఉన్నాయి. టావోస్ మనిషి తన సరస్సు కోసం ఇవన్నీ కప్పిపెడితే, లావోస్ కొండ మీది మనిషికి తాను ఏమవుతాడు? ఆ పిల్లవాడు "మనోళ్లు" అన్న మాట అక్కడి దాకా పోవాలా వద్దా?

దూరదేశం కథ ఇది అనుకునేవాళ్లకు ఒక తేదీ గుర్తుచేస్తాం. అదే 1970లో, ఫిబ్రవరి 3న, మన 1/70 వచ్చింది. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడి చేతికి పోవడానికి వీల్లేదు, ఒక గిరిజనేతరుడు ఇంకొక గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు అన్న చట్టం. ఇవాళ మన చేతిలో మిగిలిన భూమికి అదే కంచె. అప్పటి ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి. శ్రీకాకుళం కొండల్లో సవర, జాతాపు గూడేల మీద పోలీసు క్యాంపులు దిగిందీ ఆయన హయాంలోనే. జాతాపుల, సవరల మధ్య పనిచేసిన బడిపంతులు వెంపటాపు సత్యం ఎన్‌కౌంటర్‌లో చనిపోయింది ఆ జూలైలో, నిక్సన్ వాషింగ్టన్‌లో ఆ సందేశం పంపిన నెలలోనే. కంచె వేసిన ప్రభుత్వమూ కాల్చిన ప్రభుత్వమూ ఒక్కటే. కాల్పుల వెనక ఉన్న కొండల కోపమే కంచె వేయించిందని మాలో చాలామందిమి నమ్ముతాం. ఇవాళ హైదరాబాద్‌లో కాసు వారి పేరు మీద ఉన్న పార్కు పేరు చెబితే జనానికి నెమళ్లు గుర్తొస్తాయి. 1/70 గుర్తు రాదు, సత్యం అసలే గుర్తు రాడు. మేలూ పోయింది, కీడూ పోయింది, పేరు మిగిలింది. మనుషులను గుర్తుపెట్టుకునే పద్ధతుల్లో ఇది అన్నిటికంటే హీనమైనదని మా అభిప్రాయం. యోర్బా లిండాలో కనీసం పోట్లాడుకున్నారు.

తప్పులు రాయమన్నాం కదా అని కొందరు పిల్లలు నిక్సన్‌ను పూర్తిగా దొంగను చేసి రాశారు. సరస్సు సంగతే ఎత్తలేదు. అదీ మాకు నచ్చలేదు. సరస్సు తీసేస్తే నష్టపోయేది నిక్సన్ కాదు, టావోస్. 64 ఏళ్లు అడిగి తెచ్చుకున్న జనం కథ కూడా ఆయనతోపాటు చెరిగిపోతుంది. అందుకే అధ్యక్షుల లైబ్రరీ అధ్యక్షుడి ఒక్కడి కోసం కాదంటాం. ఆయన టేబుల్ మీదికి వచ్చిన అర్జీలన్నీ అందులో ఉంటాయి. సంతకం ఒకరిది, అర్జీలు మాత్రం ఎందరివో.

చివరగా ఒక చిక్కుముడి. అన్నీ బయటపెట్టాలి, ఏదీ దాచకూడదు అని ఇంతసేపు చెప్పాం. కానీ టావోస్ వాళ్లు సరస్సు దగ్గర ఏం చేస్తారో బయటివాళ్లకు చెప్పరు. సరస్సు కోసం అన్నేళ్లు వాదించినప్పుడు కూడా అది మాకు పవిత్రం అన్నారు కానీ పూజ లోపలి విషయాలు విప్పలేదు. ఇవాళ్టికీ ఆ సరస్సుకు బయటివాళ్లు వెళ్లడానికి వీల్లేదు. నిక్సన్ తన టేపులు దాచబోతే తప్పు అన్నాం. వీళ్లు దాస్తే గౌరవం అంటున్నాం. ఇది పక్షపాతమా? మాలో మేమే దీని మీద వాదించుకున్నాం. నిక్సన్ దాచినది జనం ఇచ్చిన అధికారంతో చేసిన పని. దాని లెక్క జనానికి చెప్పాలి. సరస్సు దగ్గర పూజ ఎవరి మీదా అధికారం కాదు, దానికి లెక్క అడిగే హక్కు ఎవరికుంది? ఇంతవరకు ఒప్పుకున్నాం. కానీ మన కుల పంచాయితీల్లో, మన పెద్దల నిర్ణయాల్లో ఏది పూజ, ఏది అధికారం అన్నప్పుడు మా మాటలు మళ్లీ కలవలేదు. మాలో ఒక టీచరమ్మ, మగవాళ్లు దాచేదానికల్లా పవిత్రం అని పేరు పెట్టకండి అంది. ఆ మాటకు మా దగ్గర ఇంకా జవాబు లేదు.

పిల్లలు రాసిన అట్టలను తరగతి గోడకు అంటించాం. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఇలా రాసింది: "సరస్సు టావోస్ వాళ్లది. 1906లో తీసుకున్నారు. 1970లో నిక్సన్ గారు తిరిగి ఇచ్చారు. ఆయన అబద్ధం ఆడి పదవి పోగొట్టుకున్నారు. మధ్యలో 64 ఏళ్లు అడిగినవాళ్ల పేర్లు రాయడానికి కింద చోటు వదిలాను." అట్టలో సగం ఖాళీగా ఉంది. మొదట ప్రశ్న అడిగిన పిల్లవాడు దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత తన అట్ట తీసుకుని వెనక్కి తిప్పి, మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. ఈసారి వాడు రాస్తున్నది తమ గూడెంలో పట్టాలిప్పించిన ఆఫీసరు గురించి. ఇంకా పూర్తి కాలేదు. వాళ్ల తాతను అడిగి వస్తానన్నాడు.